జపాన్ స్టేషనుకు నిర్మల్ గడప

ఇప్పుడంటే ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే ఫోన్‌లో మ్యాపు తెరిచి, మా ఊరి వాటర్ ట్యాంకు దాకా వేలితో పెద్దది చేసి చూపిస్తున్నాను గానీ, నేను సౌదీకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో అంత ఓపిక అడిగేవాళ్లకీ ఉండేది కాదు, చెప్పేవాళ్లకీ ఉండేది కాదు. మా ఊరి పేరు పక్క మండలం వాళ్లకే తెలియదు కాబట్టి "నిర్మల్" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. (నిర్మల్‌కి మా ఊరు పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ పద్దెనిమిది కిలోమీటర్లే నా కొంప ముంచాయి.) ఆ మాట వినగానే ఎదుటివాళ్ల మొహం వెలిగిపోయేది. "ఓహో, నిర్మల్ బొమ్మలు!" అనేవాళ్లు. బొమ్మలు చేసే కుటుంబాలు వేరే ఉంటాయనీ, వాళ్లది తరతరాల విద్య అనీ, నేను ఆ బొమ్మల్ని దుకాణం అద్దంలోంచి చూడటమే తప్ప చేత్తో పట్టుకుని కూడా ఎరగననీ చెప్పేవాణ్ణి. వాళ్లు నమ్మేవాళ్లు కాదు, వినయం అనుకునేవాళ్లు. ఏడాదిన్నర చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఒకరోజు ఎవరో అడిగితే "అవును, చేస్త" అనేశాను. అబద్ధాలన్నీ దుర్బుద్ధితోనే పుట్టవు. కొన్ని ఉత్త విసుగుతో పుడతాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు.

మా క్యాంపు అభా ఊరికి కాస్త దూరంలో, కొండవాలు మీద ఉండేది. సౌదీ అంటే ఇసుకా ఎండా తప్ప ఇంకేమీ ఉండదనుకునే మా ఇంటివాళ్లు, నేను ఫోన్ చేసి స్వెటర్ వేసుకున్నానని చెబితే పకపకా నవ్వేవాళ్లు. మధ్యాహ్నం దాటితే లోయలోంచి పొగమంచు మెల్లగా పైకెక్కి వచ్చి క్యాంపునంతా కప్పేసేది. అక్కడ కొండమీదికి నీళ్లెక్కించే పంపుహౌస్ కడుతున్నారు. అక్కడ ఉండటానికి ఇచ్చే నా అకామా కార్డులో వృత్తి అన్నచోట 'నజ్జార్' అని ఉండేది, అంటే వడ్రంగి. పేరుకు వడ్రంగినే గానీ నేను చేసేది షట్టరింగ్. కాంక్రీటు పోయడానికి చెక్కలతో పెద్ద పెద్ద పెట్టెలు కట్టాలి, కాంక్రీటు గట్టిపడగానే ఆ పెట్టెల్ని గడ్డపారతో ఊడబీకాలి. ఏడాదిన్నరగా పొద్దున కట్టడం, నాలుగు రోజులకు పీకడం. ఈ దేశంలో నేను కట్టిన వస్తువు ఒక్కటి కూడా నిలబడి లేదు. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధగా ఉండేది.

క్యాంపు చివర రేకుల షెడ్డులో అసలైన వడ్రంగి వర్క్‌షాపు ఒకటి ఉండేది. అక్కడ తలుపులు చేసేవాళ్లు, బల్లలు చేసేవాళ్లు, రందా పట్టి చెక్క నునుపు చేసేవాళ్లు. అక్కడ పనిచేసిన బంగ్లాదేశ్ మిస్త్రీ ఎగ్జిట్ వీసా మీద తన దేశం వెళ్లిపోయాడు, బెంచీ ఖాళీగా ఉంది. నా కళ్లన్నీ ఆ బెంచీ మీదే. కానీ షట్టరింగ్ యార్డు ఫోర్‌మన్ పఠాన్, (మేమంతా ఖాన్ భాయ్ అనేవాళ్లం) నన్ను వదిలే రకం కాదు. "తూ కీల్ ఠోక్, నిర్మల్" అనేవాడు. నువ్వు మేకులు కొట్టుకో, నీకదే చాలు అని అర్థం.

అలాంటి సమయంలో మా సైటు ఇంజనీరు నన్ను ఆఫీసుకు పిలిపించాడు. ఆయనది తూర్పుగోదావరి, అందుకని క్యాంపులో తెలుగువాళ్లందరికీ ఆయన గోదావరి సారు. ఆయన పక్క కుర్చీలో జపాన్ సారు కూర్చుని ఉన్నాడు. పంపులు బిగించడానికి వచ్చిన పెద్దాయన, తెల్లజుట్టు, పొట్టి మనిషి, ఎవరు ఎదురైనా తల వంచి దండం పెట్టినట్టు వంగేవాడు. (మా అందరికీ మొహమాటమేసి మేమూ వంగేవాళ్లం. దాంతో ఆయన ఇంకోసారి వంగేవాడు. పంపుహౌస్ పని ఆలస్యం కావడంలో ఈ వంగుడుకి కొంత భాగం ఉంది.)

"ఏమయ్యా నిర్మలూ, మీ ఊరు బొమ్మలకి పెట్టింది పేరు కదా! మా ఇంట్లో షోకేసు నిండా మీ ఊరి బొమ్మలేనయ్యా," అన్నాడు గోదావరి సారు. "ఈయనకి చిన్న స్టేషను బొమ్మ ఒకటి కావాలంట. చెక్కతో. నేను చెప్పేశాను, మనోడు చేసేస్తాడండీ అని. చేస్తావా?"

"స్టేషనా సార్?"

"రైల్వే స్టేషనయ్యా. ఇదిగో, ఫోటో చూడు. ఆరు వారాల్లో ఈయన వెళ్లిపోతాడు, ఈలోపు అయిపోవాలి. బాగా చేశావనుకో, ఆ వర్క్‌షాపు బెంచీ నీకే రాయించేస్తాను. లేదంటే మీ ఖాన్ భాయ్ ఉండనే ఉన్నాడు."

ఆ క్షణంలో నేను చెప్పవలసిన నిజాలు రెండు ఉన్నాయి. ఒకటి, నేను బొమ్మలు చేసేవాణ్ణి కాదు. రెండు, నేను జీవితంలో రైలెక్కలేదు. మా ఊళ్ల నుంచి బొంబాయి పోవాలన్నా బస్సే, హైదరాబాద్ పోవాలన్నా బస్సే. అక్కణ్ణుంచి ఏకంగా విమానం ఎక్కి ఇక్కడ దిగాను. స్టేషను లోపల కాలు పెట్టిందే లేదు. ఈ రెండు నిజాలనూ మింగేసి, "చేస్త సార్" అన్నాను. నా కళ్లముందు బెంచీ తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఫోటోలో ఒక చిన్న చెక్క ఇల్లు, నల్ల పెంకుల కప్పు, ముందు ఒక ప్లాట్‌ఫారం, దాని వెనక కొండ ఉన్నాయి. అంతే. ఇది స్టేషనని చెప్పకపోతే ఎవరిదో పొలం కాడ కొట్టం అనుకునేవాణ్ణి. జపాన్ సారు మెల్లగా ఇంగ్లీషులో చెబుతుంటే గోదావరి సారు తెలుగు చేశాడు. ఆ స్టేషనులో ఉద్యోగి మొత్తానికి ఒక్కడే, ఆయన జపాన్ సారు నాన్న. టికెట్టిచ్చేదీ ఆయనే, జెండా ఊపేదీ ఆయనే, మంచు పడితే పారతో తీసేదీ ఆయనే. టికెట్ గది వెనకాలే కాపురం. జపాన్ సారు పుట్టింది అక్కడే. కొండల్లోంచి దుంగలు దించడానికి వేసిన లైనట అది. తర్వాత రోడ్డు పడింది, లారీలు వచ్చాయి, దుంగలు పోయాయి. ఉద్యోగి అక్కర్లేదన్నారు. ఇప్పుడు లైనే మూసేస్తున్నారు, వచ్చే ఏడు స్టేషను కూల్చేస్తారు. ఆ స్టేషను ఎవరు కట్టారో, ఎలా కట్టారో కూడా ఆయన ఏదో చాలాసేపు చెప్పాడు గానీ, అప్పటికే నేను ఫోటోలో పెంకులు లెక్కపెట్టడంలో పడి ఆ మాట వినలేదు. (వినకపోవడం ఎంత తప్పో తర్వాత తెలిసింది.)

"ఇదేదో మీ దేశంలోనే చేయించుకోవచ్చు కదండీ?" అని గోదావరి సారు అడిగితే, జపాన్ సారు కిటికీ వైపు చెయ్యి చూపించాడు. బయట పొగమంచు ఎక్కుతోంది. ఇక్కడికి వచ్చిన మొదటిరోజు ఈ మంచు చూసి, ఇందులోంచి మా రైలు వస్తుందేమోనని నిలబడిపోయానన్నాడట. అందుకే ఇక్కడ చేయించుకుంటాడట. ఆయనా ఇంజనీరే గనక కొలతలన్నీ మిల్లీమీటర్లలో నీటుగా గీసిన కాగితం నా చేతిలో పెట్టి, వంగాడు. నేనూ వంగాను.

మొదటి స్టేషను పది రోజుల్లో పూర్తయింది. దాన్ని ఇప్పుడు తలుచుకున్నా నాకు చెమటలు పడతాయి. కాగితం మీద పొడవూ వెడల్పూ ఎంత ఉన్నాయో సరిగ్గా అంతే పెట్టాను. చెక్క మందం మాత్రం నాకు తెలిసిందే వాడాను, అంటే షట్టరింగ్ ప్లైవుడ్. మూరెడు పొడవున్న స్టేషనుకు వేలంత మందం గోడలు. గోడలు పోగా టికెట్ గదికి చోటు మిగల్లేదు. రెండంగుళాల మేకులు కొట్టాను. అవి ఇటు దిగి అటు వచ్చాయి, వచ్చినవాటిని మళ్లీ మడిచి కొట్టాను. చివరికి నిగనిగలాడాలని, కాంక్రీటు అంటకుండా చెక్కలకు పూసే షట్టరింగ్ నూనె పూశాను. నేనూ మా రూములోని పెద్దన్నా చెరోవైపు పట్టుకుని ఆఫీసుకు మోసుకుపోయాం.

పెద్దన్న గురించి చెప్పాలి. ఆర్మూర్ దిక్కు మనిషి, మేస్త్రీ, సౌదీకి వచ్చి ఇరవయ్యేళ్లయింది. నాకు బట్టలుతుక్కోవడం నుంచి అరబ్బీలో తిట్లు పడటం దాకా అన్నీ నేర్పినవాడు. దారిపొడవునా ఒకటే గొణుగుడు. "ఇది స్టేషన్ కాదుర తమ్మీ, బంకర్. బాంబేసినా పగలది."

జపాన్ సారు దాన్ని చూశాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో తట్టాడు. వాసన చూశాడు. ఆ తర్వాత ఎంతో మర్యాదగా, "స్ట్రాంగ్. వెరీ స్ట్రాంగ్. ఎర్త్‌క్వేక్, ఓకే," అన్నాడు. గోదావరి సారు బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. దాన్ని మెస్సులో ఉల్లిగడ్డలు తూచే కాంటా మీద పెట్టి చూస్తే, జపాన్ సారు విమానంలో సూట్‌కేసుకు బదులు ఆ స్టేషను ఒక్కటే తీసుకుపోవలసి వస్తుందని తేలింది. ఖాన్ భాయ్ ఆ స్టేషనును యార్డుకు పట్టుకెళ్లి, దాని మీద కూర్చుని చాయ్ తాగడం మొదలుపెట్టాడు. నేను రోజూ మేకులు కొడుతూ, నా స్టేషను మీద ఆయన కూర్చోవడం చూస్తూ ఉండాలి. అప్పుడు వచ్చింది నాకు పట్టుదల. కడితే స్టేషను కట్టాలి, లేకపోతే నిర్మల్ పేరు మళ్లీ ఎత్తకూడదు అని ఒట్టు పెట్టుకున్నాను.

రెండోసారి తెలివి తెచ్చుకుని పండ్ల పెట్టెల పల్చటి చెక్కలు ఏరుకొచ్చాను. వడ్రంగి షెడ్డులోంచి సన్న రంపం అడిగి తెచ్చుకున్నాను. డ్యూటీ దిగగానే స్నానం కూడా చెయ్యకుండా కూర్చునేవాణ్ణి. వేళ్లు కోసుకున్నాను, పట్టీలు వేసుకున్నాను, మళ్లీ కోసుకున్నాను. గోడలు కుదిరాయి. టికెట్ కిటికీ కుదిరింది. మిగిలింది కప్పు. బిస్కెట్ల అట్టపెట్టెలు కత్తిరించి వందల పెంకులు చేశాను. వాటిని అతికించడానికి, మా ఊళ్లో గాలిపటాలకీ పోస్టర్లకీ వాడే పద్ధతిలో, మెస్సులోంచి మైదాపిండి తెచ్చి లై కాచాను. వాసన బాగుండాలని పెద్దన్న అందులో కాస్త చక్కెర వేశాడు. (ఎందుకు వేశాడో ఈ రోజుకీ చెప్పడు.) శుక్రవారం మధ్యాహ్నం దాన్ని ఆరబెట్టడానికి గోడ మీద ఎండలో పెట్టి, ఇద్దరం బిర్యానీకి పోయాం.

అభా కొండల్లో కోతులుంటాయి. మన ఊళ్ల కోతుల్లాంటివి కావు. మెడ చుట్టూ బూడిదరంగు జూలు, పెద్ద మూతి, చూపులో ముదీర్ దర్జా, అంటే మేనేజరు దర్జా. మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి వాటిలో పెద్దదొకటి గోడ మీద కూర్చుని, నా స్టేషనును ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క పెంకూ ఊడబీకి, వెనక లై నాకి, పక్కన పడేస్తోంది. ఎంత ఓపిక! నేను అతికించేటప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

"తింటాందిర! నీ స్టేషన్ను తింటాంది!" అని పెద్దన్న చెప్పు విసిరాడు. చెప్పు తగిలింది స్టేషనుకు. కోతి కప్పు మొత్తం పీకి చంకన పెట్టుకుని కొండెక్కింది. సరిగ్గా అప్పుడే, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన జపాన్ సారు, గోదావరి సారు మా వెనక నిలబడి ఉన్నారు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఇరవై రెండేళ్ల మగవాణ్ణి కోతి ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. జపాన్ సారు మాత్రం కోతి పోయినవైపే చాలాసేపు చూసి, గోదావరి సారుతో ఏదో చెప్పాడు. "వాళ్ల స్టేషనుకీ కోతులు వచ్చేవంటయ్యా," అన్నాడు గోదావరి సారు. "వాళ్లమ్మ చూరు కింద పళ్లు గుచ్చి ఎండబెట్టేదంట, ఏటా కోతులు ఎత్తుకుపోయేవంట. వాళ్ల నాన్న ఎర్రజెండా పట్టుకుని వాటి వెనకాల పరిగెత్తేవాడంట. ఈయన అంటున్నాడూ, ఇప్పుడు అచ్చం మా స్టేషనులాగే ఉంది అని." పోతూ పోతూ జపాన్ సారు నా భుజం తట్టి "అగైన్," అన్నాడు. ఇక రెండు వారాలే ఉంది.

మూడోసారికి నేను చాలా మారిపోయాను. అంతకు ముందు నాకు కావలసింది బెంచీ మాత్రమే. ఇప్పుడు ఆ కోతులూ, ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తే ఆ నాన్నా కూడా బుర్రలో తిరుగుతున్నారు. పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర జపాన్ సారును ఆపి, గోదావరి సారు ద్వారా ఒక్కో సంగతీ అడగడం మొదలుపెట్టాను. ప్రయాణికులు కూర్చునే బల్ల మీద ఊరి ఆడవాళ్లు పాత బట్టలతో కుట్టిన చిన్న చిన్న పరుపులు వేసేవాళ్లట, చలికాలం చెక్క చల్లగా ఉంటుందని. ఉద్యోగి పోయాక కూడా ఆడవాళ్లు ఏటా కొత్తవి కుట్టి వేశారట. నా పాత లుంగీ చింపి, పెద్దన్న కళ్లద్దాలు పెట్టుకుని, గోరంత పరుపులు నాలుగు కుట్టాడు. ఇరవయ్యేళ్లు సిమెంటు కలిపిన చేతులు సూదిలో దారం ఎక్కించడానికి పడిన అవస్థ చూస్తే నవ్వూ వచ్చేది, ఆయన మీద ప్రేమా పుట్టేది.

పెంకులకు ఈసారి మైదా కాదు, చేదు గమ్ము. కోతుల భయానికి స్టేషనును మంచం కిందే ఆరబెట్టాను. చివరికి జపాన్ సారు వెళ్లేరోజు రెండు రోజుల్లోకి వచ్చింది. అంతా అయింది, టికెట్ గదికి వాకిలి నిలబెట్టడం ఒక్కటే మిగిలింది. అక్కడ పెద్దన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"గడపేదిర?"

"స్టేషన్‌కు గడపేందే పెద్దన్నా?"

"దర్వాజ అన్నంక గడప లేకుంట ఉంటదార? ఆ సారు పుట్టిన ఇల్లు గద అది. గడప లేని ఇంట్ల ఎవడన్న పుడతడా? పెట్టు."

ఫోటోలో గడప కనబడదు. కాగితం మీద గడప లేదు. కానీ మా దిక్కు వడ్రంగి దర్వాజ నిలబెడితే గడప లేకుండా నిలబెట్టడు. షట్టరింగ్ వాణ్ణయినా ఆ మాత్రం నాకూ తెలుసు. పెద్దన్న చెబుతుంటే నాకూ గడప లేని వాకిలి బోసిగా కనబడటం మొదలైంది. మంచి ముక్క ఏరి, నున్నగా చేసి, అగ్గిపుల్లంత గడప పెట్టాను. అంతటితో ఆగితే బాగుండేది. పెద్దన్న ఎవరూ చూడకుండా మా రూము తలుపు దగ్గరగా వేసి, మెస్సులోంచి తెచ్చిన పసుపు తడిపి గడపకు రాశాడు. కుంకుమ లేకపోతే, యార్డులో దారం కొట్టి గీత వేసే ఎర్రపొడి చిటికెడు తెచ్చి అగ్గిపుల్లతో బొట్లు పెట్టాడు. మామిడాకులు ఎక్కడివి? కరివేపాకు రెబ్బ తుంచి, దారానికి గుచ్చి, వాకిలికి కట్టాడు. సత్యంగా చెబుతున్నాను, ఆ కొలతకు కరివేపాకు అచ్చు మామిడాకు తోరణమే. ఇద్దరం వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాం. (ప్రపంచంలో పసుపు బొట్లు, కరివేపాకు తోరణం ఉన్న జపాన్ రైల్వే స్టేషను అదొక్కటే అయ్యుంటుంది.)

మర్నాడు ఆఫీసు బల్ల మీద గుడ్డ తీశాను. ఖాన్ భాయ్ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, నన్ను యార్డుకు తీసుకుపోవడానికేనని నా అనుమానం. జపాన్ సారు కళ్లద్దాలు తుడుచుకుని వంగాడు. కప్పు చూశాడు. టికెట్ కిటికీ చూశాడు. పరుపులు చూసి నోట్లో ఏదో అనుకున్నాడు. ఆ తర్వాత వాకిలి దగ్గర ఆగిపోయాడు.

గోదావరి సారూ అప్పుడే చూశాడు. "ఒరేయ్! స్టేషనుకి గడపేంట్రా? జనం పెట్టెలూ బేడాలూ పట్టుకుని గబగబా వస్తారు, తన్నుకుని పడరూ? నువ్వసలు ఎప్పుడైనా స్టేషను చూశావా?"

గడప పీకెయ్యమంటే మాత్రం పీకకూడదని అప్పటికప్పుడు అనుకున్నాను. ఏడాదిన్నర పీకింది చాలు.

"వాట్?" అని జపాన్ సారు గడప వైపు వేలు చూపించాడు. వేలు దాని మీద పెట్టలేదు, పైనే ఆపాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని "సర్, దిస్... నో స్టెప్. లెగ్, నో. లెగ్ పెడితే, ఫాదర్ యాంగ్రీ," అన్నాను. కాలెత్తి, గాల్లో గడప దాటి చూపించాను.

జపాన్ సారు కళ్లద్దాలు తీశాడు. తర్వాత గోదావరి సారుతో గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయాడు. గోదావరి సారు మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "టికెట్ గదికీ వీళ్లు కాపురమున్న గదికీ మధ్య పక్కకి జరిపే తలుపుండేదంటయ్యా. దాని కింద చెక్క గడప. చిన్నప్పుడు ఈయన దాని మీద కాలు పెడితే వాళ్ల నాన్న, నా నెత్తి మీద కాలు పెట్టావురా అని కోప్పడేవాడంట. రైలు కూతేస్తున్నా సరే, వెనక్కి పంపి మళ్లీ దాటించేవాడంట. ఫోటోలో అది లేదు, నేనూ చెప్పలేదు, ఇతనికెలా తెలిసిందీ అని అడుగుతున్నాడు."

బెంచీ నా చేతికందే దూరంలో ఉంది. నిర్మల్ కళాకారులకు అన్నీ తెలుస్తాయి సార్ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కళ్లద్దాలు లేని ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

"నాకు తెల్వది సార్. మా దిక్కు దర్వాజకు గడప పెడ్తరు, గందుకే పెట్టిన. నేను బొమ్మలు చేసెటోన్ని కాదు సార్. షట్టరింగ్ పనోన్ని. మాది నిర్మల్ గూడ కాదు, పద్దెనిమిది కిలోమీటర్లు అవుతల. స్టేషన్ ఎన్నడు సూడలె. రైలెక్కలె. అబద్ధం జెప్పిన," అన్నాను. గోదావరి సారు తెలుగులో విన్నదంతా ఇంగ్లీషులో చెప్పాడు.

జపాన్ సారు నవ్వాడు. మొట్టమొదటిసారి పళ్లు కనబడేలా నవ్వాడు. "ఐ నో," అన్నాడు. "ఫస్ట్ డే." ముక్కు పట్టుకుని, నా చొక్కా వైపు వేలు చూపించి, "షట్టరింగ్ ఆయిల్!" అన్నాడు. ఖాన్ భాయ్ కూడా నవ్వేశాడు. అప్పుడు జపాన్ సారు, మొదటిరోజు నేను పెంకులు లెక్కపెడుతూ వినకుండా పోయిన ఆ ముక్క మళ్లీ చెప్పాడు. ఆ స్టేషనును కట్టింది స్టేషన్లు కట్టే వడ్రంగులు కారట. దాని వెనక కొండకు సొరంగం తవ్వారు. తవ్వేటప్పుడు పైన మట్టి పడకుండా చెక్కలు కట్టి, పని కాగానే పీకేసేవాళ్లు. ఆ పీకిన చెక్కలతో, ఆ పీకిన మనుషులే, పోతూ పోతూ స్టేషను కట్టిపోయారట. ఆయన తన వేలు స్టేషను మీద పెట్టి, తర్వాత నా ఛాతీ మీద పెట్టి, "సేమ్ మ్యాన్," అన్నాడు. ఆ రెండు మాటలకూ ఎవరూ తెలుగు చెయ్యక్కర్లేకపోయింది.

బెంచీ నాకే వచ్చింది. గోదావరి సారు మాట మీద నిలబడ్డాడు, కాకపోతే ఆ తర్వాత నెలంతా నన్ను చూసినప్పుడల్లా "పద్దెనిమిది కిలోమీటర్లూ!" అని పిలిచేవాడు. జపాన్ సారు స్టేషనును చేతిలోనే పట్టుకుని విమానమెక్కాడు. వెళ్లేరోజు వంగాడు, నేనూ వంగాను, పెద్దన్నా వంగాడు. ఎవరం ముందు ఆపాలో తెలియక డ్రైవర్ హారన్ కొట్టేదాకా వంగుతూనే ఉన్నాం.

ఇప్పటికీ నేను అభాలోనే ఉన్నాను, అదే పనిలో. అప్పటికంటే పెద్ద షెడ్డు, నా కింద నలుగురు. నేను చేసిన తలుపులు ఈ కొండల్లో ఎన్నో ఇళ్లకు ఉన్నాయి, ఎవరూ పీకలేదు. మొన్నామధ్య గోదావరి సారు ద్వారా ఒక ఫోటో వచ్చింది. అసలు స్టేషను ఉన్నచోట ఖాళీ నేల, కొంచెం గడ్డి. దాని కింద ఇంకో ఫోటో: జపాన్ సారు ఇంటి గూట్లో నా స్టేషను. గడప మీద పసుపు ఇంకా ఉంది. కరివేపాకు మాత్రం ఎండి నల్లబడింది, అయినా తీసెయ్యలేదు. ఆయన మనవరాలు బొమ్మ మనుషుల్ని ఆ వాకిట్లోంచి నడిపిస్తే, ఒక్కొక్కరి కాలూ ఎత్తించి దాటిస్తుందట. ఆ ఫోటో పెద్దన్నకు పంపాను. ఆయన ఇంటికెళ్లిపోయి చాలా ఏళ్లయింది. "నేను జెప్పలేదుర?" అని ఒక్కటే మాట అన్నాడు.

పోయినసారి సెలవుకు వెళ్లినప్పుడు, నలభై ఏళ్లు దగ్గరపడుతుండగా, మొదటిసారి రైలెక్కాను. మా ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు. సౌదీలో ఇన్నేళ్లున్నవాడు రైలెక్కలేదంటే పరువు పోదూ? సూట్‌కేసు పట్టుకుని దర్జాగా నిజామాబాద్ స్టేషను వాకిలి దాకా నడిచాను. వాకిలి రాగానే నా కాలు దానంతటదే మోకాలిదాకా లేచి, అక్కడ లేని గడప దాటి, అవతల దిగింది. వెనక వస్తున్న మా ఆవిడ ఆగిపోయింది.

"ఏమైంది? గట్లెందుకు కాలు లేపినవ్?"

"ఏం లేదు," అన్నాను. రెండడుగులు వేశాక సూట్‌కేసు కింద పెట్టి, వెనక్కి వచ్చి, "నువ్వు గూడ జర కాలెత్తి రా," అన్నాను.